రెండు వందల సున్నాలు

ఆసుపత్రి వెనక, ఆవిరి గొట్టాలు బుసలుకొట్టే చోట, లాండ్రీ ఉంది. అందులో మడతగది. ఆ గదిలో పొడుగాటి బల్లకి ఈ చివర చిన్నక్క, ఆ చివర పెద్దక్క. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అవే చివరలు. వాళ్ళ అసలు పేర్లు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినబడవు. ఇద్దరూ తోడికోడళ్ళు.

పనిలో అంత దగ్గరగా ఉన్నవాళ్ళకి ఇంటిదగ్గర మాటల్లేవు. ఆ పాపం వాళ్ళది కాదు, అన్నదమ్ములైన వాళ్ళ మొగుళ్ళది. పదకొండేళ్ళ కిందట ఆ మహానుభావులిద్దరూ మేడమెట్లు కుడిపక్కన కట్టాలా, ఎడమపక్కన కట్టాలా అని మొదలుపెట్టి, మాటామాటా అనుకుని, చివరికి ఇంటి నడుమ గోడ కట్టుకుని కూర్చున్నారు. మెట్లు కట్టలేదు. మేడా లేదు. గోడ మాత్రం నిక్షేపంగా ఉంది. ఇటు ఆడది అటు పలకరించిందని తెలిస్తే ఆ పూట ఇంట్లో పిడుగు పడ్డట్టే. పనికి కూడా ఇద్దరూ చెరో వీధినపడి వచ్చేవారు.

అందుకని వాళ్ళకి ఉన్నదల్లా దుప్పట్లే. దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని లాగాలి, ఒక్క దులుపు దులపాలి, సగానికి మడిచి ఎదురెదురుగా నడిచి రావాలి, పెద్దక్క చేతిలో కొసలు చిన్నక్క చేతిలోకి మారాలి, మళ్ళీ వెనక్కి. చేతులు కలిసినప్పుడల్లా ఒక మాట. దుప్పటికి రెండు మాటల చొప్పున రోజుకి మూడొందల దుప్పట్లు. పిల్లల పెళ్ళి సంబంధాలు, మోకాళ్ళ నొప్పులు, మొగుళ్ళ మీద చాడీలు, అన్నీ అలా అంచెలంచెలుగానే నడిచాయి. పెద్దక్క తల్లి పోయినప్పుడు ఆవిడ ఏడుపు ప్రసూతి వార్డు దుప్పట్లు మొత్తం అయ్యేదాకా సాగింది. ఒక్క మడతా వంకర పోలేదు.

అలాంటి గది గోడ మీద ఒక సోమవారం పొద్దున నోటీసు అంటించారు. చిన్నక్క అయిదో తరగతితో బడి మానేసినా కంటపడ్డ ప్రతి కాగితమూ చదివే రకం. బీరువా అరల్లో పరిచే పాతపేపరు కూడా ముందు చదివి, ఆ తర్వాతే దానిమీద బట్టలు పెట్టేది. అందుకని అందరూ ఆమె చుట్టూ మూగారు. ఆమె పైకి చదివి వినిపించింది.

ఇకమీదట లాండ్రీ ఉద్యోగులందరూ విద్యార్థులు. పది రోజుల శిక్షణ. తర్వాత యాభై ప్రశ్నల పరీక్ష, ఒక్కో ప్రశ్నకి నాలుగేసి జవాబులు. ముప్పై మార్కులు వచ్చినవాళ్ళు ఇక్కడే ఉంటారు. రానివాళ్ళని ఊరవతల, గంట బస్సు దూరంలో కట్టిన కొత్త ప్లాంటుకి మారుస్తారు.

"అంటే, ఎవరైనా తప్పితే?" అంది చిన్నక్క, ఆ రోజు మొదటి దుప్పటి కొసలు అందుకుంటూ.

"తప్పితే ఏముంది, బస్సెక్కుతారు."

"అది కాదక్కా. మనలో ఒకళ్ళు పాసై, ఒకళ్ళు తప్పితే?"

పెద్దక్క చేతిలో దుప్పటి ఆగిపోయింది. గోడ ఇంట్లోనే అనుకుంటే పనిలోకీ వచ్చిందన్నమాట. ఒకళ్ళు వెళ్ళిపోతే ఇక ఈ జన్మకి మాటల్లేవు. అటు గుమ్మంలో ఆవిడ గిన్నెల చప్పుడు వింటూ ఇటు గుమ్మంలో ఈవిడ ముసలిదైపోవడమే.

"ఇద్దరం పాసవుదాం. లేదా ఇద్దరం తప్పుదాం," అంది పెద్దక్క. "నువ్వు బాగా చదివి నాకు చెప్పు. నాకు అక్షరం చూస్తే ఆవలింత వస్తుంది."

చిన్నక్కకి మాత్రం ఆ క్షణం నుంచి నిద్ర కూడా సరిగ్గా రాలేదు.

శిక్షణ ఇవ్వడానికొచ్చిన కుర్రాడికి పాతికేళ్ళుంటాయి. ప్రతి రెండు నిమిషాలకీ "నెక్స్ట్ స్లైడ్" అనేవాడు కాబట్టి రెండో రోజుకే అతను స్లైడు మాస్టారైపోయాడు. మొదటి క్లాసులో తెరమీద తెల్లగా నలుచదరంగా ఒక బొమ్మ వేసి, "విద్యార్థులారా, ఇదేమిటి?" అని అడిగాడు. ఇరవై ఆరుగురూ నోరెత్తలేదు. ఇంత తేలిక ప్రశ్న అడిగాడంటే ఏదో మెలిక ఉండే ఉంటుందని భయం.

"దుప్పటి కాదూ?" అంది పెద్దక్క ఉండబట్టలేక.

"దగ్గరకొచ్చారు! దీన్ని లినెన్ యూనిట్ అంటారు. నెక్స్ట్ స్లైడ్."

పది రోజులూ ఇదే వరస. అతను ఎప్పుడైనా దుప్పటి మడిచాడా అని ఎవరూ అడగలేదు, పక్క ఎత్తిన గుర్తులు కూడా అతని మొహంలో కనబడలేదు. చిన్నక్క మాత్రం ప్రతి ముక్కా రాసుకుంది. చివరి రోజు అతను ఒక చిట్కా చెప్పాడు. "జవాబు తెలియకపోతే కంగారు పడొద్దు. ముందు తప్పు జవాబులన్నీ ఏరెయ్యండి. మిగిలిందే ఒప్పు."

మడతగదిలో పాతవాళ్ళందరి మొహాలూ విప్పారాయి. పది రోజుల్లో వాళ్ళకి అర్థమైన మాట అదొక్కటే. ఏరెయ్యడమే కదా వాళ్ళ పని! మరక పోని దుప్పటో, చిల్లుపడ్డ దిండు గలీబో కంటపడితే మూల మీద నల్లపెన్నుతో చుక్క పెడతారు. చుక్క పడ్డ బట్ట మళ్ళీ వార్డు మొహం చూడదు. ఏ చుక్కా లేనిదే రోగి దగ్గరికి వెళ్తుంది. ఇరవై రెండేళ్ళలో చిన్నక్క ఎన్ని వేల చుక్కలు పెట్టిందో ఆమెకే తెలియదు.

పరీక్ష, నడక నేర్పే వ్యాయామాల గదిలో పెట్టారు. తొక్కుడు సైకిళ్ళు గోడవారకి నెట్టి బల్లలు వేశారు. కాపలాకి వచ్చిన రికార్డుల గది మేడం ఒక్కొక్కరికీ ప్రశ్నల కాగితం, సున్నాల కాగితం, నల్లపెన్నూ ఇచ్చింది.

"నేను చెప్పేదాకా ఎవరూ సున్నాల కాగితం తిప్పకూడదు!" అని హెచ్చరించి కుర్చీలో కూలబడింది. ఆ తర్వాత చెప్పడం మరిచిపోయింది.

చిన్నక్క సున్నాల కాగితం చూసింది. వరసకి నాలుగు చొప్పున యాభై వరసలు. రెండు వందల సున్నాలు ఆమె వైపు గుడ్లప్పగించి చూస్తున్నాయి. పైన ఒకే ఒక్క వాక్యం ఉంది: సున్నాలను నల్లని పెన్నుతో పూర్తిగా నింపవలెను. ఏయే సున్నాలు నింపాలో రాయలేదు. రాయక్కర్లేదు కూడా, ఆమెకి తెలుసు.

మొదటి ప్రశ్న: రక్తపు మరక ఉన్న దుప్పటిని మొదట వేటిలో నానబెట్టవలెను? వేడినీళ్ళు, గోరువెచ్చని నీళ్ళు, చన్నీళ్ళు, నానబెట్టనవసరం లేదు. వేడినీళ్ళు పోస్తే ఆ మరక దుప్పటితోపాటే పోవాలి, విడిగా పోదు. చిన్నక్క వేడినీళ్ళకి చుక్క పెట్టింది. గోరువెచ్చనివాటికి పెట్టింది. నానబెట్టనక్కర్లేదన్న దానికి కసిగా పెట్టింది. చన్నీళ్ళ సున్నా తెల్లగా, శుభ్రంగా, వార్డుకి వెళ్ళడానికి సిద్ధంగా మిగిలింది.

రెండో ప్రశ్న: ఒక పెద్ద దుప్పటిని మడుచుటకు ఎందరు అవసరం? ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు. ఆమెకి నవ్వొచ్చింది. మూడు చుక్కలు.

పన్నెండోది: రోగి గౌను జేబులో కాగితము దొరికినచో? ఒకసారి అలాగే దొరికిన చీటీ పట్టుకుని మూడంతస్తులు ఎక్కి వెళ్తే ఆ మంచం అప్పటికే ఖాళీ. చీటీలో ఉన్నదల్లా, రేపు వచ్చేటప్పుడు నా కళ్ళజోడు తీసుకురా, అన్నమాటే. 'చెత్తబుట్టలో వేయవలెను' అన్న సున్నాని కాగితం చిరిగేలా నింపింది.

తల ఎత్తి చూసింది. యంత్రాల గదిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడే లేచి వెళ్ళిపోతున్నారు. మడతగది పాతవాళ్ళంతా వంగి, నాలుకలు పళ్ళ మధ్య పెట్టుకుని, ముగ్గేస్తున్నంత శ్రద్ధగా సున్నాలు నింపుతున్నారు. ఒక్క పెద్దక్క మాత్రం పెన్ను పక్కన పడేసి, చెంప కింద చేయి పెట్టుకుని కునుకు తీస్తోంది.

చిన్నక్క అనుకుంది: 'అయిపోయింది. సగం కూడా రాసి ఉండదు. అక్కని బస్సెక్కించేస్తారు.' ఆ దిగులుతోనే మిగతావి నింపింది. నూట యాభయ్యో చుక్క పెట్టేసరికి వేళ్ళు కొయ్యబారిపోయాయి.

నాలుగో రోజున ఫలితాలు అంటించారు. చిన్నక్క కింద నుంచి పైకి చదివింది, పెద్దక్క కిందే ఉంటుందని. అట్టడుగున తన పేరు కనబడింది. ఎదురుగా సున్నా. దానిపైన మడతగది పాతవాళ్ళు ఇంకో ఏడుగురు, వాళ్ళకీ సున్నాలే. అలా చదువుకుంటూ పోతే అన్నిటికన్నా పైన పెద్దక్క ఉంది. నలభై మూడు. ప్రథమ స్థానం.



"నీకు సున్నా ఏంటే?" అంది పెద్దక్క ఆ పూట మొదటి దుప్పటికి.

"నీకు నలభై మూడేంటి?"

"నాకేం తెలుసు! ప్రశ్నకి మూడేసి ఎవరు నింపుతారు, చెయ్యి పడిపోదూ? చూడగానే ఒళ్ళు మండినదానికి ఒక్కదానికే పెట్టా చుక్క. మిగతావి ఏవో వాళ్ళే చూసుకుంటారనుకున్నా."

"రక్తం మరకకి దేనికి పెట్టావ్?"

"వేడినీళ్ళకి. అంతకన్నా దరిద్రం ఇంకోటి ఉందా?"

"దుప్పటి మడవడానికి?"

"ఒక్కరు చాలన్నదానికి. అది చదివి పెన్ను విసిరికొడదామనుకున్నా. దానికన్నా ఘోరం ఇంకోటుంది చూశావా? పని చేస్తూ తోటివాళ్ళతో మాట్లాడితే పని చెడుతుందట! దానికైతే రెండుసార్లు తిప్పి తిప్పి పెట్టాను."

చిన్నక్క దుప్పటి వదిలేసి బల్ల పట్టుకుంది. నెమ్మదిగా అర్థమైంది ఆమెకి. ప్రతి ప్రశ్నలోనూ అన్నిటికన్నా చెత్త జవాబేదో పెద్దక్క ఏరింది. నలభై మూడుసార్లు అదే సరైన జవాబని స్లైడు మాస్టారు రాసిపెట్టుకున్నాడు.

"మరి ఇప్పుడు?" అంది పెద్దక్క.

"సోమవారం నుంచి ప్లాంటుకి రమ్మన్నారు," అంది చిన్నక్క. "నన్ను."

ఇంటి దగ్గర ఆ సాయంత్రం గోడకి అటు పండగే. పెద్దక్క మొగుడు వరండాలో నిలబడి, ఫోను చెవిన పెట్టుకుని, అవతల మనిషి ఉన్నాడో లేడో గానీ గొంతు చించుకున్నాడు. "ఫస్టండీ, ఫస్టు! మొత్తం లాండ్రీకి! అవతలివాళ్ళా? వాళ్ళ సంగతి మనకెందుకులెండి, పాపం!"

గోడకి ఇటు చిన్నక్క మొగుడు మొహం మాడ్చుకుని అటూ ఇటూ తిరిగాడు.

"ఆవిడకి నలభై మూడు, నీకు సున్నానా? కళ్ళు మూసుకుని పెట్టినా పది వస్తాయే! సున్నా తెచ్చుకోవడానికి కూడా తెలివుండాలి!"

"ఉంది," అంది చిన్నక్క.

"ఏంటీ?"

"ఏం లేదు. అన్నం పెట్టనా?"

సోమవారం నుంచి పెళ్ళాం చీకటితో లేచి ఊరవతలికి బస్సెక్కాలన్న సంగతి ఆయనకి పట్టనే లేదు. అన్నగారి ముందు తన మెట్లు మరోసారి ఓడిపోయాయి, ఆయన బాధల్లా అది.

మర్నాడు ఇద్దరూ మేనేజరు గదికి వెళ్ళారు. అక్కడ స్లైడు మాస్టారు కూడా ఉన్నాడు. ప్రథమురాలిని చూడగానే లేచి నిలబడ్డాడు.

"నన్ను ఫెయిలు చెయ్యండి సార్," అంది పెద్దక్క ఏ ఉపోద్ఘాతం లేకుండా.

మేనేజరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎందుకమ్మా?"

"నేను పెట్టినవన్నీ తప్పులు. తప్పులని తెలిసే పెట్టాను."

"తప్పులైతే మార్కులెలా వస్తాయి? మెషీను దిద్దింది. మెషీను అబద్ధం చెప్పదు."

"పోనీ మా చెల్లి కాగితం చూడండి. చుక్క లేనివి లెక్కపెట్టండి. అన్నీ ఒప్పులే."

స్లైడు మాస్టారు అందుకున్నాడు. "ఒక్కో ప్రశ్నకి ఒక్కటే నింపాలమ్మా. కాగితం వెనకవైపు స్పష్టంగా రాసుంది."

"కాగితం తిప్పొద్దన్నారుగా బాబూ," అంది చిన్నక్క. "మళ్ళీ తిప్పమని ఎవరూ చెప్పలేదు."

మేనేజరు విసుగ్గా చేతులు ఊపాడు. "చూడండమ్మా, ఫెయిలైనవాళ్ళని పాసు చెయ్యమని నిన్నట్నుంచి ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. పాసైనవాళ్ళని ఫెయిలు చెయ్యమంటే దానికి ఫారమే లేదు. వెళ్ళండి, వెళ్ళి పని చూసుకోండి."

పెద్దక్క వెనక్కి తిరిగింది. చిన్నక్క తిరగలేదు. గుమ్మంలో ఎవరైనా గట్టిగా దగ్గినా ఉలిక్కిపడే మనిషి, ఆ రోజు కాళ్ళు అక్కడే పాతుకుపోయినట్టు నిలబడింది. పొద్దున్నుంచీ ఆమె ఫలితాల పక్కన అంటించిన జవాబుల పట్టిక చదువుతూనే ఉంది. అందరూ మార్కులు చూసి వెళ్ళిపోతే, ఆమె చివరి అక్షరం దాకా చదివింది.

"సార్, జవాబుల పట్టిక కింద సంతకం మీదేనా?"

"నాదే. ఏం?"

"చదివి పెట్టారా సార్?"

మేనేజరు స్లైడు మాస్టారు వైపు చూశాడు. మాస్టారు పైకప్పు వైపు చూశాడు.

"ఏం లేదు సార్. రక్తం మరక మీద వేడినీళ్ళు పొయ్యాలని ఉంది. ఆపరేషన్ గది పెద్ద నర్సమ్మకి ఒకసారి చూపిస్తే మంచిదేమో అని. ఆవిడకి మరకలంటే ఒళ్ళుమంట. మీ సంతకం చూస్తే మిమ్మల్నే అడుగుతారు, మమ్మల్ని ఎందుకడుగుతారు?"

పెద్ద నర్సమ్మ పేరెత్తితే ఆ ఆసుపత్రిలో డాక్టర్లు కూడా చొక్కా గుండీలు సరిచూసుకుంటారు.

"వేడినీళ్ళు... కాదా?" అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి.

"మీ ఇంట్లో అడగండి సార్," అంది పెద్దక్క.

"మరి ఒక్కళ్ళే దుప్పటి మడవాలని కూడా ఉంది," అంది చిన్నక్క. "మాస్టారు ఒకసారి మడిచి చూపిస్తే నేర్చుకుంటాం."

బయట బండిమీద ఉన్న దుప్పట్లలోంచి పెద్దక్క ఒకటి లాక్కొచ్చి మాస్టారు చేతిలో పెట్టింది. అతను చేతులు చాచాడు. ఇంకా చాచాడు. కుర్చీ ఎక్కాడు. దుప్పటి ఒక కొస టీకప్పులో మునిగింది, ఒక కొస పంకా గాలికి లేచి అతని తలమీదే పడింది. లోపలి నుంచి "నెక్స్ట్..." అని సగంలో ఆగిపోయిన మాట వినబడింది. మేనేజరు నవ్వాపుకోవడానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు.

నవ్వితే నవ్వాడు గానీ, అలాంటివాళ్ళు తప్పు ఒప్పుకుంటారా! ఫలితాలు పైకి పంపేశానన్నాడు. ఇక మార్చడం కుదరదన్నాడు. సున్నా వచ్చినవాళ్ళని ఇక్కడ ఉంచితే తన ఉద్యోగం పోతుందన్నాడు.

"సరే సార్," అంది చిన్నక్క. "ఫస్టు వచ్చినవాళ్ళని అక్కడికి పంపడం కుదురుతుందా?"

మేనేజరు మొహం దీపం వెలిగించినట్టయింది. ప్లాంటుకి సూపర్‌వైజరు కావాలి. అంత దూరం వెళ్ళడానికి పాసైనవాళ్ళెవరూ ఒప్పుకోవడం లేదు. "సున్నా వచ్చినవాళ్ళని దారిలో పెట్టడానికి ప్రథమురాలిని పంపుతున్నాం," అని అప్పటికప్పుడు కాగితం తయారు చేయించాడు. సంతకం పెట్టబోతూ ఆగి, ఈసారి మొత్తం చదివాడు.

ఆ తర్వాత సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. మడతగదిలో పాసైనవాళ్ళు మిగిలారు, పని తెలిసినవాళ్ళు ప్లాంటుకి పోయారు. పక్షం తిరక్కుండానే ఆసుపత్రి నుంచి గోధుమరంగు మరకలతో, చుట్టచుట్టిన దుప్పట్లు మూటలుగా ప్లాంటుకి రావడం మొదలైంది, మళ్ళీ ఉతికి మడిచి పంపమని. స్లైడు మాస్టారు ఇంకో ఆసుపత్రికి వంటవాళ్ళకి వంట నేర్పడానికి వెళ్ళాడని విన్నారు.

కానీ అవన్నీ తర్వాతి మాటలు. ఆ సోమవారం పొద్దున పెద్దక్క తన వీధి చివర బస్సెక్కింది. భార్య సూపర్‌వైజరైనందుకు ఆవిడ మొగుడు అందరికీ వినబడేలా సాగనంపాడు. చిన్నక్క ఇంకో వీధి చివర ఎక్కింది. పనిష్మెంటు మీద పోతున్నందుకు ఆమె మొగుడు గుమ్మం దాకా కూడా రాలేదు. బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. పోవడానికి గంట, రావడానికి గంట. పదకొండేళ్ళలో అంత వ్యవధి వాళ్ళకి ఎప్పుడూ దొరకలేదు.

దొరికేసరికి మాట రాలేదు. చేతులు ఖాళీగా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియలేదు. మూడు స్టాపులు దాటాక చిన్నక్కే నోరు తెరిచింది.

"అక్కా, నీకింకా ఎన్నాళ్ళుంది సర్వీసు?"

"మూడేళ్ళు."

"నాకు ఆరు."

"తెలుసు. నువ్వు నాకన్నా మూడేళ్ళు చిన్నదానివి కదా."

"మరి ఆ మూడేళ్ళు?"

పెద్దక్క కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. "అయ్యో రామ, బస్సెక్కి అరగంట కాలేదు, అప్పుడే మూడేళ్ళ తర్వాతి ఏడుపు మొదలెట్టావా? నువ్వు సున్నా తెచ్చుకోవడంలో వింత లేదే తల్లీ!"

"చెప్పక్కా."

"అప్పుడూ ఎక్కుతా. ఊరికే. టిక్కెట్టు కొనుక్కుని, నీ పక్కన కూర్చుని వెళ్ళి, అదే బస్సులో వెనక్కొస్తా. బస్సు మా ఆయనదా, మీ ఆయనదా, గోడ కట్టడానికి?"

చిన్నక్క నవ్వింది. పూర్తిగా నమ్మలేదు. మోకాళ్ళు అప్పటికి ఎలా ఉంటాయో, బస్సు మెట్లు ఎంత ఎత్తుగా ఉన్నాయో లెక్కవేసుకుంటూనే నవ్వింది.

కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు.

"రెండు," అంది పెద్దక్క. "చివరిదాకా."